సమాధానం అంటే జవాబు కూడా

పోయినేడు ఆగస్టులో మా చర్చి వాళ్ళం స్కూల్ బ్యాగులు పంచడానికి చికాగో వెస్ట్ సైడ్ వెళ్ళాం. మేం ఉండేది చికాగో బయట నేపర్‌విల్ అనే సబర్బ్‌లో, ఆదివారం తెలుగు ఆరాధనకి వచ్చే కుటుంబాలు ఓ నలభై ఉంటాయి, రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని నోటుబుక్కులు, క్రేయాన్లు, పెన్సిల్ బాక్సులు సర్ది, ఒక్కో బ్యాగులో ఒక్కో బైబిల్ వాక్యం కార్డు పెట్టి, నాలుగు కార్లలో వేసుకుని బయల్దేరాం. మమ్మల్ని రమ్మన్నది ఒక చిన్న బ్లాక్ చర్చి, అంటే నల్లజాతి వాళ్ళ చర్చి, ఒకప్పటి ఫర్నిచర్ షాపు బిల్డింగ్‌లో నడుస్తోంది. పంచడం గంటన్నరలో అయిపోయింది, ఫోటోలు దిగాం, ప్రార్థన చేసుకున్నాం, ఇక కార్లెక్కుదాం అనుకుంటుండగా అక్కడి పెద్దావిడ ఒకావిడ, చర్చిలో చిన్నాపెద్దా అందరూ మదర్ అనే పిలుస్తారు ఆవిణ్ణి, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బేబీ, మీవాళ్ళంతా కంప్యూటర్ల మీద పని చేస్తారంట కదా, మంగళవారం సాయంత్రం ఆరింటికి ఒక్కరెవరైనా రాగలరా, మావాళ్ళకి ఆన్‌లైన్ ఫారాలు నింపడం కష్టంగా ఉంది" అని అడిగింది.

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మంగళవారం ఆరింటికంటే ఐసెన్‌హోవర్ హైవే మీద ట్రాఫిక్, పిల్లల క్లాసులు, పొద్దున్నే మళ్ళీ మీటింగులు. మాలో ఒకాయన, చాలా మంచి మనిషి, మంచి మనసుతోనే అన్నాడు, ఓ పది లాప్‌టాప్‌లు పంపిస్తాం అమ్మా అని. "లాప్‌టాప్‌లున్నాయి బేబీ, లోపల అల్మారాలో ఆరున్నాయి, పక్కన కూర్చునే మనిషే లేరు" అంది ఆవిడ.

తిరిగొస్తుంటే కార్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. నాకు మాత్రం ఆ రాత్రి ఒక మాట తగులుకుంది, మన తెలుగు బైబిల్లో మాట. ఇక్కడి చర్చిల్లో రికన్సిలియేషన్ రికన్సిలియేషన్ అని ఇంత మాట్లాడతారు కదా, మన బైబిల్లో కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో దానికి వాడిన మాట "సమాధానపరచు పరిచర్య". చిన్నప్పట్నుంచి వింటున్నదే, శాంతి, సఖ్యత అన్న అర్థంలోనే వింటున్నాం. కానీ బయట మనం రోజూ వాడే సమాధానం అంటే జవాబు. జవాబంటే ముందు ఎవరో ఏదో అడిగుండాలి కదా. మేం బ్యాగులు పట్టుకుని వెళ్ళాం, అక్కడ బ్యాగులు ఎవరూ అడగలేదు, అడిగినదానికేమో మా దగ్గర సమాధానం లేకపోయింది. భాషలో ఈ రెండర్థాలు అనుకోకుండా కలిశాయేమో గానీ నాకు మాత్రం అప్పట్నుంచి అవి విడిపోవట్లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు క్రిస్టియన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని ఇక్కడ పిలిచే ఉద్యమం గురించి దొరికిందల్లా చదివాను, ఈ పోస్టు రాయడానికి కారణం అదే. మన తెలుగు క్రైస్తవుల్లో ఈ పేర్లు తెలిసినవాళ్ళు తక్కువ, సువార్తికుడు బిల్లీ గ్రాహం తెలుసు, జాన్ పెర్కిన్స్ అంటే ఎవరూ అంటారు.

జాన్ పెర్కిన్స్ 1930లో మిసిసిపి రాష్ట్రం న్యూ హెబ్రన్‌లో పుట్టారు. కౌలు కుటుంబం, ఈయన పసిబిడ్డగా ఉండగానే తల్లి సరైన తిండి లేక వచ్చే పెలాగ్రా జబ్బుతో చనిపోయింది, చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అన్న క్లైడ్ రెండో ప్రపంచ యుద్ధంలో దేశం కోసం పోరాడి ఇంటికొచ్చాడు, 1946లో సొంతూళ్ళోనే తెల్ల పోలీసు మార్షల్ తుపాకీతో కాల్చాడు, చనిపోయాడు. మర్నాటి ఏడాదే పెర్కిన్స్ కాలిఫోర్నియా వెళ్ళిపోయారు, అక్కడ ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, అన్నీ కుదిరాయి. 1957లో, కొడుకు స్పెన్సర్ సండే స్కూలుకి వెళ్తుంటే వాడి వెనకే వెళ్ళి విశ్వాసంలోకి వచ్చారు. అంతా బాగున్నాక 1960లో భార్యాపిల్లల్ని తీసుకుని మళ్ళీ మిసిసిపికే, మెండెన్‌హాల్ అనే చిన్న ఊరికి, తిరిగొచ్చేశారు. ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే మనందరి కథ ఒక్క దిక్కుకే నడుస్తుంది, ఊరు నుంచి సిటీకి, సిటీ నుంచి అమెరికాకి, అమెరికాలో అపార్ట్‌మెంట్ నుంచి మంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి. బయటపడ్డ చోటికి మళ్ళీ వెళ్ళి కాపురం పెట్టడం అనేది మనవాళ్ళు సాక్ష్యాల్లో కూడా చెప్పగా నేను వినలేదు.

మెండెన్‌హాల్‌లో ఆయన మొదలుపెట్టింది బైబిల్ క్లాసులతోనే, కానీ పిల్లలు ఆకలితో వస్తున్నారు, జబ్బు పడితే వెళ్ళడానికి చోటు లేదు, పెద్దవాళ్ళు ఓటు వేయడానికి పేరు నమోదు చేయించుకోబోతే ఉద్యోగం పోతుంది. దాంతో డే కేర్, ట్యూషన్లు, ఓటరు నమోదు, కోఆపరేటివ్, తర్వాత హెల్త్ సెంటర్, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1969 క్రిస్మస్‌కి మెండెన్‌హాల్‌లో తెల్లవాళ్ళ షాపుల బహిష్కరణ మొదలైంది. 1970 ఫిబ్రవరిలో ఒక ప్రదర్శన నుంచి తిరిగెళ్తున్న విద్యార్థుల్ని పోలీసులు పట్టుకుని బ్రాండన్ జైల్లో పెట్టారు, వాళ్ళని చూడ్డానికి వెళ్ళిన పెర్కిన్స్‌ని కూడా లోపలేసి రాత్రంతా కొట్టారు, ముక్కులో ఫోర్క్ పెట్టి పొడిచారు, నేల మీద పడ్డ ఆయన రక్తాన్ని ఆయన చేతే తుడిపించారు. తర్వాత మౌండ్ బయూ ఊళ్ళో ఆసుపత్రి మంచం మీద కోలుకుంటూ, బ్లాక్ డాక్టర్లూ తెల్ల డాక్టర్లూ ఇద్దరూ తనకి వైద్యం చేస్తుంటే, ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. కొడుతున్నప్పటి ఆ పోలీసుల ముఖాలు ఆయనకి గుర్తున్నాయి, ద్వేషం మనుషుల్ని ఎంత వికారంగా చేస్తుందో ఆ ముఖాల్లో చూశారు, అది తనలోకి రాకూడదు అనుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథని చాలా చర్చిల్లో "చూడండి, ఆయన క్షమించేశాడు" అని అక్కడితో ఆపేస్తారు, నాకది చాలా తప్పనిపిస్తుంది. ఆయన క్షమించారు, నిజమే, కానీ న్యాయం అడగడం ఆపలేదు, హెల్త్ సెంటర్ కట్టడం ఆపలేదు, ఇళ్ళ గురించీ భూమి గురించీ మాట్లాడ్డం ఆపలేదు. క్షమాపణని, న్యాయం అడిగేవాళ్ళ నోరు మూయించడానికి వాడుకుంటే అది దెబ్బలు తిన్నవాళ్ళని ఇంకోసారి కొట్టడమే.

ఆయన పద్ధతిని మూడు ముక్కల్లో చెప్తారు, రీలొకేషన్, రికన్సిలియేషన్, రీడిస్ట్రిబ్యూషన్. అంటే అవసరం ఉన్న చోటికి వెళ్ళి కాపురం ఉండటం, దేవుడితోనూ ఒకరితో ఒకరూ సమాధానపడటం, చదువు డబ్బు పరిచయాలు పని ఇవన్నీ అక్కడివాళ్ళకి కూడా అందేలా చేయడం. 1989లో పెర్కిన్స్, చికాగోలో పని చేస్తున్న వేన్ గోర్డన్, ఇంకొంతమంది కలిసి పెట్టిన సీసీడీఏ (క్రిస్టియన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అసోసియేషన్) అనే సంఘానికి పునాది ఇదే, తర్వాత దానికి ఇంకో అయిదు కలిశాయి, అందులో ఒకటి కమ్యూనిటీ చెప్పేది వినడం. వరసలో మొదట రీలొకేషన్ ఎందుకు పెట్టారో నాకు ముందు అర్థం కాలేదు, సమాధానపడ్డాక కదా కలిసి ఉంటారు అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది, నేపర్‌విల్‌లో కూర్చుంటే నాకు వాళ్ళ ప్రశ్నే వినపడదు. ఆ వీధిలో చెత్త బండి రాకపోతే అది నా చెత్త కూడా అయినప్పుడు, ఆ స్కూల్లో టీచర్ లేకపోతే అది నా పిల్లాడి టీచర్ కూడా అయినప్పుడు, నేను అడిగే తీరే వేరుగా ఉంటుంది.

వేన్ గోర్డన్ తెల్లాయన, అయోవా నుంచి వచ్చి వీటన్ కాలేజీలో చదివాడు, 1975లో చికాగో వెస్ట్ సైడ్‌లోని నార్త్ లాన్‌డేల్ పేటకి మారి దగ్గర్లోని ఫారగట్ హైస్కూల్లో టీచరుగా, ఫుట్‌బాల్ కోచ్‌గా చేరాడు, ఇప్పటికీ కోచ్ అనే పిలుస్తారు. ఆయన ఇంట్లో దొంగలు పడటం కూడా మామూలైపోయింది, అయినా కదల్లేదు. 1978లో ఆ హైస్కూల్ పిల్లలే మనకి ఒక చర్చి కావాలి అని మొదలుపెట్టించారు. మీకేం కావాలి అని అక్కడివాళ్ళని అడిగితే వచ్చిన జవాబుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం, భయం లేకుండా బట్టలు ఉతుక్కునే చోటు కావాలి అన్నారట. బయట లాండ్రోమాట్‌కి వెళ్ళాలంటే భయం. అప్పుడు చర్చికి ఒక వాషింగ్ మెషీన్, ఒక డ్రైయర్ వచ్చాయి. చర్చి అంటే మనకి మైకు, గిటార్, పుల్పిట్, ముందు వరసలో కుర్చీలు, అక్కడేమో వాషింగ్ మెషీన్. 1984కి లాన్‌డేల్ క్రిస్టియన్ హెల్త్ సెంటర్ మొదలైంది, అది ఇప్పుడు వెస్ట్ సైడ్‌లో పెద్ద ఆసరా.

అసలు నార్త్ లాన్‌డేల్ అలా ఎందుకైంది అన్నది మనవాళ్ళు ఎవరూ అడగరు, "ఆ ఏరియా మంచిది కాదు" అనేసి వదిలేస్తారు, నేనూ చాలా ఏళ్ళు అన్నాను. 1950లో అక్కడ ఎక్కువమంది తెల్లవాళ్ళు, 1960కల్లా పదిమందిలో తొమ్మిదిమంది బ్లాక్ వాళ్ళు. ఆ పదేళ్ళలో జరిగింది దోపిడీ. ఫెడరల్ హౌసింగ్ వాళ్ళు 1930ల నుంచి బ్లాక్ మనుషులు ఉండే చోట్లకి లోన్ గ్యారంటీ ఇచ్చేవాళ్ళు కాదు, మ్యాపుల మీద ఎర్ర రంగు వేసి పెట్టారు, బ్యాంకులు ముఖం చూసేవి కాదు. అప్పుడు మధ్యవర్తులు దిగారు. బ్లాక్ వాళ్ళు వస్తున్నారు మీ ఇల్లు విలువ పడిపోతుంది అని తెల్లవాళ్ళని భయపెట్టి చవగ్గా కొనడం, అదే ఇంటిని రెట్టింపు ధరకి బ్లాక్ కుటుంబానికి కాంట్రాక్ట్ మీద అమ్మడం. కాంట్రాక్ట్ అంటే మొత్తం కట్టేదాకా ఇల్లు నీ పేరు మీదకి రాదు, ఒక్క నెల తప్పితే బయటికి గెంటేస్తారు, కట్టిందంతా పోయినట్టే. క్లైడ్ రాస్ అనే ఆయన, ఈయనా మిసిసిపి నుంచి వచ్చినాయనే, 1961లో 27,500 డాలర్లకి ఇల్లు కొన్నాడు, అమ్మినవాడు ఆర్నెల్ల ముందు అదే ఇంటిని 12,000కి కొన్నాడు. ఆ తేడా ఎక్కడికి పోయిందో ఆలోచించండి, ఒక్క ఇల్లు కాదు, వీధులకి వీధులు.

ఇక్కడ కూడా సంగతి బయటపడింది ఎవరో వచ్చి కాపురం ఉండటం వల్లే. 1967లో జాక్ మాక్‌నమారా అనే జెసూట్ (ఒక క్యాథలిక్ గురువుల సంఘం) విద్యార్థి, కొంతమంది కాలేజీ పిల్లలు లాన్‌డేల్‌లో మకాం పెట్టారు. తలుపు తలుపుకీ తిరిగి మాట్లాడుతుంటే ఈ కాంట్రాక్టుల సంగతి తెలిసింది, రికార్డులు తిరగేసి ఏ ఇల్లు ఎంతకి కొని ఎంతకి అమ్మారో లెక్క తీశారు. ఆ వీధుల్లో వాళ్ళందరికీ అప్పటిదాకా ఎవరికి వాళ్ళకి, నేనొక్కణ్ణే మోసపోయాను, బయటికి చెప్తే సిగ్గు అన్నట్టు ఉండేది. లెక్కలు చూశాక అందరూ ఒకచోట చేరి కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పెట్టుకున్నారు, 1968 చివర్లో వందల కుటుంబాలు నెల కంతులు కట్టడం ఆపేశాయి. కోర్టుల్లో కేసులు చివరికి ఓడిపోయారు, కానీ చాలామంది తమ కాంట్రాక్టుల్ని తిరగరాయించుకోగలిగారు. నాయకత్వం చేసింది మాత్రం క్లైడ్ రాస్ లాంటి ఆ ఇళ్ళలోని మనుషులే, బయట్నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన నిలబడ్డారు. ఈ వరస నాకు చాలా ముఖ్యం.

అదే పేటకి 1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ భార్యతో వచ్చి హామ్లిన్ అవెన్యూలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో దిగారు, ఇళ్ళ సమస్య గురించి మాట్లాడాలంటే ఆ ఇళ్ళలో ఉండాలి అని. ఆదివారం పొద్దున్న పదకొండు గంటలే అమెరికాలో మనుషులు రంగుని బట్టి ఎక్కువగా విడిపోయే గంటల్లో ఒకటి అని టీవీలో బాధపడింది కూడా ఆయనే, 1960లో. ఆ పదకొండింటికి మేమూ విడిగానే ఉంటాం, తెలుగు వాళ్ళం తెలుగులో. భాష కోసం విడిగా ఉండటం వేరు అని నేనూ వాదించాను, కొంత నిజం ఉంది కూడా. కానీ మనం ఈ దేశానికి ఇంతమంది రాగలిగింది 1965లో మారిన ఇమిగ్రేషన్ చట్టం వల్ల, అది నల్లజాతి వాళ్ళ హక్కుల కోసం నడిచిన సివిల్ రైట్స్ ఉద్యమం ఊపులో వచ్చిన చట్టం. దెబ్బలు తిన్నది ఒకళ్ళు, తెరుచుకున్న తలుపులోంచి వచ్చినవాళ్ళల్లో మనం ఉన్నాం. వచ్చి ఏ సబర్బ్‌లో ఇల్లు కొన్నాం, ఆ ఇంటి విలువ ఎందుకు పెరిగింది, స్కూల్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది, చాలావరకు ప్రాపర్టీ ట్యాక్స్ నుంచే కదా, ఇళ్ళ ధర ఎక్కువున్న చోట స్కూలుకి ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ, ఆ ఎర్ర గీతలు ఇంకా మన పిల్లల రిపోర్ట్ కార్డుల దాకా నడుస్తూనే ఉన్నాయి. కులం గురించి మన చర్చిల్లో మాటెత్తితే గదిలో ఎంత నిశ్శబ్దం వస్తుందో తెలిసినవాళ్ళకి, రంగు గురించి తెల్ల చర్చిల్లో వచ్చే నిశ్శబ్దం కూడా అర్థమవుతుంది, ఇంతకంటే ఇక్కడ రాయను, అది వేరే పోస్టు.

సమాధానం అంటే ముందు కష్టమైన మాటలు వినాల్సొస్తుంది. పెర్కిన్స్ పెట్టిన వాయిస్ ఆఫ్ కాల్వరీ జాక్సన్ నగరంలో బ్లాక్, తెల్ల కుటుంబాలు కలిసి ఆరాధించే చోటు, మంచి పేరు. 1983లో అక్కడ కొన్ని సమావేశాలు పెట్టారు, బ్లాక్ సభ్యులు లేచి, కలిసే ఉంటున్నాం గానీ నడిపేది ఇంకా మీరే, ముఖ్యమైన పదవులన్నీ మీవే అని ముఖం మీదే చెప్పారు. చాలామంది తెల్లవాళ్ళు మనసు నొచ్చుకుని వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళలో క్రిస్ రైస్ ఒకరు, ఆయనా పెర్కిన్స్ కొడుకు స్పెన్సరూ కలిసి ఆంటియోక్ అని ఒక ఉమ్మడి ఇల్లు పెట్టి, ఒకే వంటగది, ఒకే డబ్బుల పెట్టె అన్నట్టు పన్నెండేళ్ళు గడిపారు. వాళ్ళిద్దరి మధ్య కూడా తెగిపోయేదాకా వచ్చింది, మళ్ళీ కూర్చుని కలుపుకున్నారు, కలిసిన కొన్ని నెలలకే 1998 జనవరిలో స్పెన్సర్ గుండె ఆగి చనిపోయాడు. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఊరికే స్టేజీ మీద చేతులు పట్టుకుని పాట పాడే సమాధానం కాదిది.

రీలొకేషన్ మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయలేను. చదువూ డబ్బూ ఉన్నవాళ్ళు పేద పేటకి మారితే వాళ్ళ వెనకే కాఫీ షాపు వస్తుంది, తర్వాత అద్దెలు పెరుగుతాయి, చివరికి అక్కడ పుట్టినవాళ్ళే ఖాళీ చేయాల్సొస్తుంది. ఈ ఉద్యమంలోనే చాలామంది ఈ మాట అంటున్నారు, ముఖ్యంగా ఆ పేటల్లోనే పుట్టి పెరిగిన బ్లాక్, లాటినో నాయకులు. అందుకే వాళ్ళు మూడు రకాల మనుషుల గురించి మాట్లాడతారు, వెళ్ళిపోగలిగీ వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు, బయట్నుంచి వచ్చినవాళ్ళు. పేరు మాత్రం ఎప్పుడూ మూడో రకానికే వస్తుంది, పుస్తకాలు రాసేదీ ఎక్కువగా వాళ్ళే. నా లెక్కలో మొదటి రకమే అసలైనవాళ్ళు, మదర్ ఆ రకం. యాభై ఏళ్ళుగా అదే వీధి. కొడుకు అట్లాంటా వచ్చేయమంటున్నాడు, వెళ్ళట్లేదు.

బ్యాగులు పంచిన రెండు నెలలకి, అక్టోబర్ నుంచి, మంగళవారాలు వెళ్తున్నాను. మొదట మాలో ముగ్గురం అనుకున్నాం, ఇప్పుడు నేనూ ఇంకొక తమ్ముడూ. చేసేది చాలా చిన్న పని. గ్యాస్ బిల్లుకి సాయం చేసే ప్రభుత్వ స్కీముకి అప్లై చేయించడం, ముసలివాళ్ళకి ప్రాపర్టీ ట్యాక్స్‌లో వచ్చే సీనియర్ మినహాయింపు ఫారం నింపడం, పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్ళీ తెప్పించడం, ఎప్పుడో ఇరవయ్యో ఏట పడ్డ కేసు రికార్డులోంచి తీసేయించుకోడానికి కాగితాలు ఎక్కడ ఇవ్వాలో వెతకడం. ఒకాయన గోడౌన్ ఉద్యోగానికి అప్లికేషన్ నాలుగుసార్లు నింపాడట, నాలుగుసార్లూ చివరి పేజీలో ఫోన్ ఆగిపోయి మొత్తం పోయింది, ఆయనకి సోమరితనం అని పేరు పెట్టేవాళ్ళు ఎంతమందో. నేను పక్కన కూర్చుంటే పావుగంటలో అయింది. అయ్యాక ఆయన లేచి వెళ్ళిపోలేదు, నువ్వు ఎక్కడివాడివి, మీ నాన్న ఏం చేసేవాడు అని అడిగాడు. మా నాన్న పొగాకు బేరన్లలో కూలి అని చెప్తే, మా తాత మిసిసిపిలో పత్తి తీసేవాడు అన్నాడు. ఇద్దరం కాసేపు ఆకు కోత, పత్తి తీత గురించి మాట్లాడుకున్నాం, వేళ్ళు ఎలా అయ్యేవో. ఏడేళ్ళుగా ఈ దేశంలో ఒక నల్లజాతి మనిషితో నేను మాట్లాడిన అతి పొడవైన సంభాషణ అది.

ఈ డిసెంబర్‌లో మా చర్చి పెద్దలు బొమ్మలు పంచుదాం అన్నారు. నేను ముందు మదర్‌ని అడుగుదాం అన్నాను. ఆవిడ, బొమ్మలు మీరు పంచొద్దు, చవగ్గా ఒక షాపులా పెట్టండి, తల్లిదండ్రులు వచ్చి కొనుక్కుంటారు, పొద్దున పిల్లలకి వాళ్ళే ఇస్తారు అంది. ఇది అట్లాంటాలో బాబ్ లప్టన్ అనే ఆయన చాలా ఏళ్ళ కిందటే చేసి చూపించిన పద్ధతి. బయటివాళ్ళు బహుమతులతో ఇంట్లోకి వస్తుంటే ఆ ఇంటి తండ్రి తల దించుకుని పక్కకి తప్పుకోవడం చూసి మార్చుకున్నాడట. ఆవిడ అదెక్కడా చదవలేదు, వాళ్ళ తమ్ముణ్ణి చూసి చెప్పింది. షాపు పెట్టాం, గల్లాపెట్టె దగ్గర ఆ చర్చి వాళ్ళే కూర్చున్నారు, మేం వెనక గదిలో పెట్టెలు విప్పాం. ఫోటోలు తీయలేదు.

పోయిన మంగళవారం వెళ్ళేసరికి మదర్ బయట మెట్ల మీదే నిలబడి ఉంది, కోటు వేసుకుని. వాళ్ళింటికి రెండిళ్ళ అవతల ఒక ఇల్లు అమ్మకానికి పెట్టారంట, ఎప్పుడూ ఎవరో కంపెనీవాళ్ళు కొనేసి అద్దెకిచ్చేస్తున్నారు, ఎవరు ఉంటున్నారో కూడా తెలియట్లేదు, నువ్వు కొనుక్కుని రా, నేను చూసుకుంటాను పిల్లల్ని అంది. నవ్వుతూనే అంది గానీ నా ముఖంలోంచి చూపు తిప్పలేదు. నడిచెళ్ళి చూశాం, బూడిద రంగు రాయితో కట్టిన రెండంతస్తుల గ్రేస్టోన్ ఇల్లు, ముందు మెట్లు విరిగాయి, లోపల ఏముందో తెలీదు. ఇంటికొచ్చి ఆ రాత్రే మా ఆవిడకి చెప్పాను. తను చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత స్కూల్ సంగతి అడిగింది, రాత్రిళ్ళ సంగతి అడిగింది, తర్వాత మదర్ వాళ్ళింటికి ఎంత దూరం అని అడిగింది. రెండిళ్ళే అన్నాను. వచ్చే మంగళవారం తనూ వస్తానంది, పిల్లాణ్ణి కూడా తీసుకుని.